పదకొండు కార్డులు

పోయిన వారం మనం ఎడిటరమ్మని ప్రొడ్యూసరు గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. ఆవిడ ఓర్పు మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అందుకని కొత్త పాఠకులకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేసి, ఆవిడని లోపలికి తీసుకుపోతాను.

పెద్ద పెద్ద ఎడిటర్ల చేతికింద పదిహేనేళ్లు పనిచేసి, కోతంతా తను కోసి, పేరు వాళ్లకి పడుతుంటే పళ్లు నూరుకున్న మనిషి ఈవిడ. తన సొంత పేరు తెర మీద పడబోయే మొదటి సినిమా ఇదే. కథ ఈర్ష్య గురించి. లైబ్రరీలో పనిచేసే ఒక అమ్మాయి స్నేహితురాలి అదృష్టం చూసి కుళ్లుకుని, ఆమె నడక, మాట, సంతకం, ఆఖరికి దగ్గు కూడా నేర్చుకుని, దూరపు ఊళ్లో ఆమెకి వచ్చిన ఉద్యోగంలో ఆమె పేరుతో వెళ్లి కూర్చుంటుంది.

ప్రొడ్యూసరుకి సినిమా మీద గురి కుదరలేదు. నిన్న పొద్దున ఒక హాలు మాట్లాడి, నూట నలభైమందిని పోగుచేసి, సినిమా చూపించి, తలా ఒక కార్డు ఇచ్చి అభిప్రాయాలు రాయించి, గుమ్మం దగ్గర పెట్టెలో వేయించాడు. ఎడిటింగు బాగాలేదని పదిమంది రాస్తే చాలు, సినిమా ఇంకో పెద్దాయన చేతికి వెళ్లిపోతుందని, పేరు కూడా ఆయనదే పడుతుందని తేల్చి చెప్పాడు. సినిమా ఉన్న హార్డ్ డిస్కుని ఇవాళ మధ్యాహ్నానికి తెచ్చి ఇమ్మని ఎడిటరమ్మ చెల్లెలికి కబురు కూడా చేశాడు. ఆ చెల్లెలే ఆవిడకి అసిస్టెంటు. అదీ సంగతి.

గదిలో ముగ్గురు మగవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. ఏసీ లోంచి నీళ్లు బకెట్టులోకి బొట్టు బొట్టుగా కారుతున్నాయి. ప్రొడ్యూసరు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. డైరెక్టరు ఇంట్లో ఉన్నా నల్ల కళ్లద్దాలు తీయడు, వాటిని నెత్తి మీదకి తోసుకుని కూర్చున్నాడు. కార్డులు చదివే పని ప్రొడ్యూసరు బావమరిదికి అప్పగించారు. అక్క మొగుడి కంపెనీలో ఆయన చేసే పని ఏమిటో ఆయనతో సహా ఎవరికీ తెలియదు. ఒక చేతిలో వేరుశనగలు, ఇంకో చేతిలో కార్డులు పెట్టుకుని మహదానందంగా ఉన్నాడు.

"రండి ఎడిటరమ్మా, కూర్చోండి. ఇప్పుడే మొదలెట్టాం" అన్నాడు.

మిగిలింది ఒక స్టూలే. ఎడిటరమ్మ దాని మీదే కూర్చుంది.

"మొదటిది. 'హీరోయిన్ వేసుకున్న ఎర్ర కోటు చాలా బాగుంది, ఎక్కడ దొరుకుతుందో చెప్పగలరు.' రెండోది. 'ఇద్దరమ్మాయిలూ ఒకేలా మాట్లాడుతున్నారు, ఎవరు ఎవరో తెలియక ఇబ్బంది పడ్డాం.'"

"అది ఇబ్బంది కాదురా, కథ!" అని డైరెక్టరు నెత్తి బాదుకున్నాడు.

"'సైకలాజికల్ అన్నారు, ఒక్క పిచ్చాసుపత్రి కూడా చూపించలేదు. మోసం.' ఇదెవరో పెద్దావిడలా ఉన్నారు, 'నాకు చిన్నప్పట్నుంచీ ఈర్ష్య అంటే ఏమిటో తెలియదు. ఈ సినిమా మా తోడికోడలికి చూపించాలి. ఆవిడకి నన్ను చూస్తే ఏడుపు.' ఇది చూడండి, 'ఆ పిల్ల చేసిన తప్పేమిటి? కష్టపడి నేర్చుకుంది, ఉద్యోగం బాగానే చేసింది. ఆఖర్న ఏడిపించడం అన్యాయం.'"

ఎడిటరమ్మ పెదవి విరిచింది. ఈ జనం కోసమా తను ఎనిమిది నెలలు చీకటి గదిలో కళ్లు పోగొట్టుకున్నది! నూట నలభైమందిలో ఒక్కరికైనా బుర్ర ఉంటే ఆ బుర్రని ఇంట్లో పెట్టి వచ్చి ఉంటారని ఆవిడకి గట్టి నమ్మకం. నిజం చెప్పాలంటే ఆవిడకి ఈ గదిలో ఉన్నవాళ్ల మీద కూడా అంతకంటే మంచి అభిప్రాయం లేదు. డైరెక్టరు ఒట్టి కబుర్ల పోగు, ప్రొడ్యూసరు సినిమా చూస్తూ నిద్రపోతాడు, బావమరిది సంగతి సరేసరి. ఇంట్లో చెల్లెలి గురించి కూడా ఆవిడ మాట్లాడే తీరు అలాంటిదే. ఎవరైనా అడిగితే "ఏదో, పక్కన కూర్చుంటుంది" అంటుంది.

"ఇదిగో, ఇది మీకే ఎడిటరమ్మా. 'ఫోను సీను చూసి గుండె ఆగిపోయింది.' ఇంకోటి, 'ఫోను సీను అద్భుతం.' మళ్లీ ఫోను సీనే. లెక్కపెట్టా, ఎనభై మూడుమంది దాని గురించే రాశారు!"

ప్రొడ్యూసరు కళ్లు తెరిచాడు. స్నేహితురాలి తల్లి ఫోను చేస్తే ఆ దొంగపిల్ల కూతురి గొంతుతో మాట్లాడే సీను అది. మామూలుగా అయితే తల్లి మాట్లాడితే తల్లిని, పిల్ల మాట్లాడితే పిల్లని చూపిస్తారు. ఇందులో తల్లి మొహం ఎక్కడా కనపడదు, గొంతు మాత్రం వినపడుతుంది. ఫోను పెట్టేశాక ఒకే ఒక్కసారి చూపిస్తారు. ఆవిడ గోడకి ఆనుకుని నిలబడి ఉంటుంది. తనతో మాట్లాడింది కూతురు కాదని ఆవిడకి మొదటి మాటకే తెలిసిపోయిందని మనకి అప్పుడు అర్థమవుతుంది.

"శభాష్" అన్నాడు ప్రొడ్యూసరు. ఆయన నోట ఆ మాట వినడం అందరికీ అదే మొదలు. ఎడిటరమ్మ తల కొంచెం వంచి, "మీ అభిమానం" అంది.

ఇక్కడ మీకొక నిజం చెప్పేయాలి. ఆ సీను కోసింది ఈవిడ కాదు. ఆ రోజు ఈవిడ పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లింది. చెల్లెలు ఒక్కతే కూర్చుని, తల్లి షాట్లన్నీ పీకి పక్కన పడేసి, ఆఖరి ఒక్కటి ఉంచింది. మర్నాడు వచ్చి చూసిన అక్క వాచిన బుగ్గ పట్టుకుని, "ఏమే, ఇదేం పిచ్చి పని?" అని తిట్టింది. డైరెక్టరు వచ్చి చూసి ఎగిరి గంతేసేసరికి "నాకిలా తోచిందండీ" అంది. చెల్లెలు పక్కనే ఉంది.  పదిహేనేళ్లు తనకి ఎవరేం చేశారని పళ్లు నూరుకుందో అదే తనూ చేసిందన్న సంగతి ఎడిటరమ్మకి ఆ రోజు తట్టలేదు. ఇవాళా తట్టలేదు.

బావమరిది గొంతు సవరించుకున్నాడు. "ఇవి కొంచెం తేడాగా ఉన్నాయి. విడిగా తీసి పెట్టాను. పదకొండు."

పై కార్డు తీసి చదివాడు.

"'మెట్ల సీను సాగదీశారు. ఈ ఎడిటరుకి పని రాదు.' ఇది ఇంకోటి, 'మెట్లు ఎక్కుతూ దగ్గు నేర్చుకునే సీనులో నిద్రపోయాం. ఎడిటరుని మార్చండి.' ఇది, 'నాలుగో మెట్టు దగ్గరే అర్థమైపోయింది. మిగతా పన్నెండు మెట్లు మా చేత ఎందుకు ఎక్కించారు?' అన్నీ మెట్ల సీను మీదే, అన్నీ ఎడిటరు మీదే."

ప్రొడ్యూసరు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నట్టు చేసి, "పదిమంది అన్నాను. పదకొండుమంది రాశారు" అన్నాడు. ఆయన అంతకంటే పొడుగ్గా మాట్లాడడు.

"అన్యాయం!" అని డైరెక్టరు లేచాడు. ఆ సీను ఆయన ప్రాణం. ఎడిటరమ్మ పోతే ఆయనకి బాధ లేదు కానీ, మెట్ల సీనుని అంటే ఊరుకోడు. "ఆ సీను నడుస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను నా కళ్లతో చూశాను. మూడో వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది!"

ఎడిటరమ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ ఇప్పుడు నోరు విప్పితే ఒక తప్పు ఒప్పుకోవాలి, విప్పకపోతే పేరు పోతుంది. ఆవిడ ఎక్కువసేపు ఆలోచించలేదు.

"ఆ సీను సినిమాలో లేదండీ" అంది.

"ఏమిటి?"

"మొన్న మధ్యాహ్నం తీసేశాను. నిన్న హాల్లో వేసిన సినిమాలో మెట్ల సీను లేదు."

డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నెత్తి మీద కళ్లద్దాలు జారి ముక్కు మీదకి వచ్చాయి. "నన్ను అడక్కుండా... నా సీను... నువ్వెవరు తీయడానికి?"

"తీసేసి రెండు రోజులైంది. నిన్న హాలుకి మీరూ వచ్చారు. మీకే తెలియలేదు. ఆ కొంగు కుక్కుకున్న ఆవిడ ఏ సీను చూసి కుక్కుకుందో మీరే చెప్పాలి."

ప్రొడ్యూసరు నవ్వాడు. పొట్ట కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వాడు. ఆ నవ్వు చూశాక డైరెక్టరుకి కోప్పడే ధైర్యం పోయింది. బయట వరండాలో ఫోను మాట్లాడుతూ సగం సినిమా గడిపేసిన మనిషి ఇంకేం మాట్లాడతాడు? కూర్చుని బావమరిది చేతిలోంచి నాలుగు వేరుశనగలు లాక్కున్నాడు.

"మరి లేని సీనుని పదకొండుమంది ఎలా చూశారు?" అన్నాడు ప్రొడ్యూసరు.

"చూడలేదు. ఇంట్లో కూర్చుని రాసి తెచ్చి పెట్టెలో పడేశారు. అసలు కార్డులు ఎన్ని వచ్చాయి?" అని ఎడిటరమ్మ బావమరిదిని అడిగింది.

"నూట యాభై ఒకటి."

"మనుషులు నూట నలభై అయితే?"

"ఆ తేడా నేనూ చూశాను" అన్నాడు బావమరిది సంబరంగా. "జనానికి అంత నచ్చింది, కొంతమంది రెండేసి రాశారనుకున్నా."

ఎడిటరమ్మ ఆయన వైపు చూసిన చూపుకి వేరే మనిషైతే భూమిలోకి కుంగిపోయేవాడు. ఆయన ఇంకో గింజ ఒలుచుకున్నాడు.

ఆవిడ ఆ పదకొండు కార్డులూ చేతిలోకి తీసుకుంది. ఒకటి పెన్సిలుతో, ఒకటి నీలం సిరాతో, ఒకటి పిల్లలు రాసినట్టు కొక్కిరి బిక్కిరిగా ఉన్నాయి. మెట్ల సీనుతో ఉన్న సినిమా చూసినవాళ్లు అయిదుగురే. ఈ ముగ్గురు, తను, చెల్లెలు. ఈ ముగ్గురిలో ఎవరికీ ఇన్ని రకాలుగా రాసే ఓపిక లేదు, అంత తెలివీ లేదు. ఆవిడ కార్డులు ఒక్కొక్కటే తిప్పుతూ నాలుగో మెట్టు దగ్గర ఆగింది.

నాలుగో మెట్టు దగ్గరే అర్థమైపోతుంది, మిగతా పన్నెండు మెట్లు జనం చేత ఎందుకు ఎక్కించాలి? ఈ మాట అన్నది తనే. పది రోజుల క్రితం, వంటింట్లో, కంచం ముందు పెట్టుకుని. ఎదురుగా కూర్చుని విన్నది ఒక్కతే. మొన్నా నిన్నా జ్వరమని పనికి రానిది కూడా ఆ ఒక్కతే. తను ఆ సీను తీసేసిన సంగతి తెలియనిది కూడా ఆ ఒక్కతే.

 అమ్మ పోయిన నాటికి చెల్లెలికి తొమ్మిదేళ్లు. జడలు వేసింది తను, చదివించింది తను, కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది తను. ఆ పిల్లకి తన మీద ఇంత విషం ఉందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. బాధ కలిగింది. ఆ బాధ వెనకాలే చప్పున చీదర కూడా వచ్చింది. చెయ్యక చెయ్యక చేసిన దొంగపనిని కూడా శుభ్రంగా చెయ్యడం రాలేదు దీనికి, అనుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని చెల్లెలు వచ్చింది. చేతిలో హార్డ్ డిస్కు ఉన్న సంచి. బుగ్గలు పీక్కుపోలేదు, కళ్లు గుంటలు పడలేదు. రెండు రోజులు జ్వరపడ్డ మనిషిలా లేదు.

"జ్వరం తగ్గిందా?" అంది అక్క.

"తగ్గింది."

"నిన్న సినిమా చూశావా?"

"ఎలా చూస్తాను? మంచం మీద ఉన్నాగా."

"చూసి ఉంటే బాగుండేది. మెట్ల సీను తీసేశానని తెలిసేది."

చెల్లెలి కళ్లు అక్క చేతిలోని కార్డుల మీద పడ్డాయి. అబద్ధం ఆడడానికి కావలసినంత సమయం ఉంది. ఆడలేదు. సంచి బల్ల మీద పెట్టి, "ఎప్పుడు తీశావ్?" అని అడిగింది.

"మొన్న."

"ఏడేళ్లలో నువ్వు నన్ను అడక్కుండా కోసింది ఇదొక్కటే. అది కూడా నేను లేని రోజు చూసుకుని కోశావ్" అని నవ్వింది చెల్లెలు. తర్వాత ప్రొడ్యూసరు వైపు తిరిగి, "నేనే రాశానండీ. ఆఫీసులో ఖాళీ కార్డులు తీసుకెళ్లి, ఏడు కుడి చేత్తో, నాలుగు ఎడం చేత్తో. హాలు వదిలేటప్పుడు వచ్చి పెట్టెలో వేసి వెళ్లాను" అంది.

"ఎందుకు?" అన్నాడు ప్రొడ్యూసరు.

"అక్క పేరు పడకూడదని."

"పెద్దాయన వస్తే నీకేమిటమ్మా లాభం?" అన్నాడు డైరెక్టరు.

"ఏమీ లేదండీ. ఎవరి పేరు పడినా నాకు ఫర్వాలేదు. పోస్టరు మీద ఆవిడ పేరు చూస్తే నేను బతకలేననిపించింది. అంతే." ఆ మాట ఆమె చాలా మామూలుగా అంది. 

ప్రొడ్యూసరు కుర్చీలోంచి లేచాడు. ఆయనకి కోపం వస్తే మాటలు పెరుగుతాయి. "సినిమాలో ఆ పిల్లలాగే ఉన్నావ్ నువ్వు. అక్క నీడలో బతుకుతూ అక్క మీదే కుళ్లు! ఎనభై మూడుమంది మెచ్చుకున్నారు తెలుసా ఫోను సీనుని? అంత గొప్పగా కోసిన మనిషి మీద ఇలాంటి రాతలు రాయడానికి సిగ్గు లేదూ?"

 చెల్లెలు మెల్లగా తిరిగి అక్క వైపు చూసింది.

"చెప్పక్కా. సిగ్గుండాలా, వద్దా?"

ఎడిటరమ్మ చేతిలో కార్డుల అంచులు సరిచేసుకుంది. ఒక్క మాట చాలు. 'అది కోసింది ఇదేనండీ' అంటే అయిపోతుంది. ఆవిడకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని చెప్పి ఆవిడని మంచిదాన్ని చేయాలని నాకూ ఉంది. కానీ రాలేదు. ఆవిడ ఆ క్షణంలో పోస్టరు మీద తన పేరు ఎంత లావు అక్షరాల్లో పడుతుందో ఆలోచిస్తోంది.

"నువ్వు ఇంటికి వెళ్లు. నేనొచ్చాక మాట్లాడుకుందాం" అంది.

"అంతేనా?"

"అంతే."

చెల్లెలు తల ఊపింది. "ప్రొడ్యూసరుగారు చెప్పింది నిజమే. అంత బాగా కోసేవాళ్ల మీద రాయకూడదు. తప్పయిపోయింది." సంచిలోంచి డిస్కు తీసి అక్క ముందు పెట్టింది. "ఇకనుంచి మీరే కోసుకోండి" అని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అక్కని 'మీరు' అని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

గదిలో ఉన్నవాళ్లందరికీ పండగలా ఉంది. దొంగ దొరికింది, పదకొండు కార్డులూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. "పేరు మీదే. పోస్టరు కూడా రేపే వేయిస్తా" అన్నాడు ప్రొడ్యూసరు. ఎడిటరమ్మకి ఒళ్లు తేలికపడింది. చెల్లెలి సంగతి రెండు రోజుల్లో సర్దుకుంటుందిలే అనుకుంది. ఎక్కడికి పోతుంది, దానికి ఇంకెవరున్నారు అని కూడా అనుకుంది.

ఇంతలో డైరెక్టరుకి ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వస్తే ఎవరో ఒకరికి కష్టం తప్పదు.

"మెట్ల సీను తీసినందుకు నేనేమీ అనను. కానీ ఒక్క పని చేసి పెట్టండి. ఇద్దరమ్మాయిలూ ఎదురుపడే ఆఖరి సీను చప్పగా ఉంది. దాన్ని కూడా ఫోను సీనులాగే కోసేయండి. అదే పద్ధతిలో!"

"మంచిదే" అన్నాడు ప్రొడ్యూసరు. "సాయంత్రం అయిదింటికి సినిమా కొనేవాళ్లు వస్తున్నారు. ఇప్పుడే కూర్చోండి. మేమూ చూస్తాం."

"మనుషులు వెనకాల ఉంటే నాకు చేతులాడవండీ" అంది ఎడిటరమ్మ.

"ఎనభై మూడుమంది మెచ్చుకున్న చెయ్యి. ఒక్కసారి చూడనివ్వండి" అని ఆయన ముందు నడిచాడు.

ఎడిటింగు గది వరండా చివర ఉంది. కిటికీకి నల్లగుడ్డ, బల్ల మీద రెండు తెరలు, వాటి ముందు రెండు కుర్చీలు. రెండో కుర్చీలో, ఎప్పుడూ చెల్లెలు కూర్చునే చోట, ఇవాళ బావమరిది కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ వెనకాల సర్దుకున్నారు. ఎడిటరమ్మ డిస్కు తగిలించి ఆఖరి సీను తెరిచింది. తొమ్మిది నిమిషాలు, యాభై రెండు షాట్లు.

ముందు తనకి అలవాటైనట్టు కోసింది. ఎవరు మాట్లాడితే వాళ్ల మొహం. వేసి చూపించింది.

"ఇది ఇప్పుడున్నదే కదండీ" అన్నాడు డైరెక్టరు.

ఫోను సీనులో చెల్లెలు ఏం చేసిందో గుర్తు చేసుకుంది. ఒక మనిషిని పూర్తిగా తీసేసింది. అలాగే అసలమ్మాయి షాట్లన్నీ తీసి పక్కన పెట్టింది. ఆఖర్న ఒక్కటి ఉంచింది. వేసి చూస్తే దొంగపిల్ల గోడతో మాట్లాడుతున్నట్టుంది. ఫోనులో అయితే ఎదుటి మనిషి కనపడకపోయినా సరిపోయింది, ఒకే గదిలో నిలబడ్డ మనిషి కనపడకపోతే ఎలా సరిపోతుంది? మరి చెల్లెలైతే ఏం చేసేది? ఆవిడకి తెలియలేదు. ఏడేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల ఒక షాటుని ఎందుకు ఉంచుతుందో, ఎందుకు తీస్తుందో ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

మళ్లీ మొదటికి వెళ్లింది. కోసింది, అతికించింది, తీసేసింది. అరగంట గడిచింది. మెడ మీద చెమట పట్టింది. వెనకాల డైరెక్టరు కాళ్లు ఊపడం ఆపేశాడు. ప్రొడ్యూసరు నిద్రపోవడం లేదు, అదే ఆవిడని ఎక్కువ భయపెట్టింది. తను ఎవరినైతే ఒట్టి వెధవలని అనుకుంటూ వచ్చిందో వాళ్లు ముగ్గురూ ఇప్పుడు తన వేళ్ల వంక చూస్తున్నారు.

"నాకిప్పుడు గుర్తొచ్చింది" అన్నాడు బావమరిది.

ఇంకో గింజ నోట్లో వేసుకున్నాడు.

"ఫోను సీను కోసిన రోజు నేను ఈ గదికి వచ్చాను. కాఫీ పంపించాలా అని అడుగుదామని. తెర మీద ఆ తల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది, అందుకే జ్ఞాపకం. మీరు లేరు ఎడిటరమ్మా. పన్ను పీకించుకోవడానికి వెళ్లారని చిన్నమ్మాయి చెప్పింది. ఆ పిల్ల ఒక్కతే కూర్చుని కోస్తోంది." ఆయన మాటలో వెటకారం లేదు, అనుమానం కూడా లేదు. జ్ఞాపకం వచ్చింది కనుక చెప్పాడు. "పన్ను ఇప్పుడు బాగానే ఉందా?"

ఎడిటరమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. జన్మలో మొదటిసారి ఆవిడకి తన మీద తనకే రోత పుట్టింది.

 ప్రొడ్యూసరు లేచి వచ్చి, ఆవిడ కూర్చున్న చక్రాలున్న కుర్చీని రెండు చేతులా పట్టుకుని కంప్యూటరు ముందు నుంచి వెనక్కి లాగాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"మీ చెల్లెలి నంబరు చెప్పండి" అన్నాడు.